పరమాణువు: ఊహ జ్ఞానమైన విధము

మన చుట్టునున్న మట్టి, నీరు, ఇనుము, బియ్యపుగింజ, మన దేహము – ఇవి యన్నియు దేనితో నిర్మింపబడియున్నవి? ఒక వస్తువును విడగొట్టుచు పోయినయెడల ఆ విభాగమునకు ఎక్కడనైన అంతము గలదా, లేక ఎన్నటికిని లేదా? ఈ ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనది. 'అంతము కలదు; ఆ తుదిభాగమే పరమాణువు' అను ప్రత్యుత్తరమును ప్రాచీనమైనదే. అయినను ఆ ప్రత్యుత్తరమునకు తగిన ఋజువు దొరకుటకు రెండువేల సంవత్సరములకు పైగా పట్టినది. ఒక మాట చెప్పబడుటకును, అది నిజమని తెలియుటకును నడుమ ఇంత యెడమేల కలిగినదో విచారించుటయే ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

ఈ విచారణ వట్టి కాలక్షేపము కాదు. పరమాణువు మాట వచ్చినప్పుడెల్ల మన సభలలో రెండు విధములైన పలుకులు వినబడుచుండును. కొందరు, 'ఇది మన కణాదమహర్షి యేనాడో చెప్పినదే. పాశ్చాత్యులు క్రొత్తగా కనుగొన్నదేమియు లేదు' అని సంతసించి, అంతటితో పుస్తకమును మూసివేయుదురు. మరికొందరు, 'ప్రాచీనులకు ప్రయోగశాల లేదు. వారి మాటలు వట్టి కల్పనలు' అని తేలికగా త్రోసివేయుదురు. ఈ యిరుతెగలవారును చేయుచున్న పని యొక్కటియే: ప్రమాణమును అడుగకయే తీర్పు చెప్పుచున్నారు. వాది పెద్దవాడైనంతమాత్రమున దావా గెలువదు. వాది పాతకాలపువాడైనంతమాత్రమున దావా పోదు. సాక్ష్యమేమి యని అడుగవలెను.

భారతీయుల వాదము

వైశేషిక దర్శనమునకు కర్త కణాదుడు. ఆ దర్శనమును పెంపొందించినవారిలో ప్రశస్తపాదుడు ముఖ్యుడు. వీరి వాదములో మొదటి మెట్టు సామాన్యబుద్ధికి అందునట్టిదే. ప్రతివస్తువును అంతులేకుండ విభజింపవచ్చునని యొప్పుకొన్నచో, మేరుపర్వతమునకును ఆవగింజకును పరిమాణభేదము ఉండగూడదు. రెండింటను అంతులేని భాగములే యుండును గదా! భేదము కానబడుచున్నది గావున విభాగమునకు ఒక తుద యుండవలెను. ఆ తుదయే పరమాణువు. అది నిత్యము, నిరవయవము, కంటికి అగోచరము.

రెండు పరమాణువులు కూడి ద్వ్యణుకమును, మూడు ద్వ్యణుకములు కూడి త్ర్యణుకమును అగునని వీరు చెప్పిరి. కిటికీసందున వచ్చు ఎండచారలో ఎగురుచు కనబడు ధూళిరేణువే త్ర్యణుకమనియు, కంటికి అందు వస్తువులలో అదియే మిక్కిలి చిన్నదనియు వారి మతము. కావున అట్టి రేణువునందు ఆరు పరమాణువులు ఉండును. పృథివి, జలము, తేజస్సు, వాయువు అని పరమాణువులు నాలుగు జాతులు. జైనులును పుద్గలమను పేర పరమాణువులను అంగీకరించిరి గాని, వాటిలో ఇట్టి జాతిభేదమును ఒప్పుకొనలేదు.

ఈ వాదమునకు మన దేశముననే గట్టి ప్రతివాదులు ఉండిరి. బౌద్ధపండితుడగు వసుబంధుడు అడిగిన ప్రశ్న నేటికిని ఆలోచింపదగినది. ఒక పరమాణువును ఆరుదిక్కులనుండి ఆరు పరమాణువులు అంటుకొన్నచో దానికి ఆరుప్రక్కలు ఉన్నట్లే గదా. ప్రక్కలున్నది నిరవయవము ఎట్లగును? ప్రక్కలు లేవందురా, అన్నియు ఒక్కచోటనే అణగిపోవలెను. అప్పుడు ముద్ద యెంత పెద్దదైనను పరమాణువుకంటె పెద్దది కానేరదు. శంకరాచార్యులును బ్రహ్మసూత్రభాష్యమున పరమాణువాదమును ఖండించిరి.

మనము గర్వింపదగిన సంగతి యిదియే. ఋషివాక్యమని నోరు మూసికొనక, వాదమునకు ప్రతివాదము చెప్పుచు వందల సంవత్సరములు నిజముగా ఆలోచించిరి. కాని లోపమును ఇచ్చటనే కలదు. ఇరుపక్షములవారి చేతను తర్కము తప్ప వేరు సాధనము లేదు. 'నీవు చెప్పునది నిజమైనచో ఫలానా పని చేసి చూతము. ఇట్లు జరుగవలెను, జరుగనిచో నీ మాట తప్పు' అని యడుగుటకు తగిన పరీక్ష యేదియు ఏర్పడలేదు. పరమాణువుయొక్క బరువెంత యను ప్రశ్నకు జవాబు తెచ్చు మార్గము లేదు. కావున వ్యాజ్యము తెగలేదు.

గ్రీకుల వాదము

గ్రీసుదేశమున క్రీస్తుపూర్వము 5వ శతాబ్దమున ల్యూసిప్పసు, ఆబ్డెరా నగరవాసియగు అతని శిష్యుడు డెమోక్రిటసు పరమాణువాదమును స్థాపించిరి. వారు పెట్టిన 'ఆటమోసు' అను పేరునకు ఛేదింపరానిదని యర్థము. వారి పరమాణువులకు రుచిగాని వాసనగాని రంగుగాని లేదు. ఆకారము, పరిమాణము, అమరిక మాత్రమే కలవు. అవి శూన్యములో సంచరించుచు కూడుచు విడిపోవుచు నుండును. గుణములతో కూడిన కణాదుని పరమాణువులకును వీటికిని గల భేదము స్వల్పమైనది కాదు.

క్రీస్తుపూర్వము 1వ శతాబ్దమున లుక్రీషియసు అను రోమనుకవి ఈ మతమును పద్యకావ్యముగా రచించెను. ఎండచారలోని ధూళిరేణువుల యాట కంటికి కానరాని పరమాణువుల చలనమునకు గుర్తని యతడు చెప్పెను. మన వైశేషికులు చూపిన యా యెండచారనే అతడును చూపుట చిత్రము. కాని ఒకే దృశ్యమునుండి ఇరువురు రెండు వేరు సంగతులను ఊహించిరి. చూచుట మాత్రమే చాలదనియు, చూచినదానిని కొలువవలెననియు దీనివలన తెలియుచున్నది.

అరిస్టాటిలు శూన్యము లేదనియు, పరమాణువులు లేవనియు చెప్పెను. తరువాత యూరపుఖండమున అతని మాటయే శాస్త్రమైనది. 1624వ సంవత్సరమున పారిసు నగరమున ముగ్గురు వ్యక్తులు అరిస్టాటిలు మతమునకు విరుద్ధములగు ప్రతిపాదనలను బహిరంగచర్చకు ప్రకటించిరి. సమస్తవస్తువులును పరమాణువులతో నేర్పడినవను మాటయు వాటిలో నుండెను. ఆ చర్చ జరుగకుండ నిషేధింపబడెను. ప్రకటించినవారు నగరమునుండి వెడలగొట్టబడిరి. ప్రామాణికులగు పూర్వాచార్యులకు విరుద్ధముగా బోధించువారికి మరణదండనయని పారిసు పార్లమెంటను న్యాయస్థానము ఉత్తరువు చేసెను. కావున పూర్వాచార్యుల మాటను దాటరాదను జబ్బు మన దేశమునకు మాత్రమే సంబంధించినదని యెవరును తలపగూడదు. న్యాయస్థానము ఒక బోధను ఆపగలదు, ప్రకృతిని ఆపజాలదు.

త్రాసు చెప్పిన సాక్ష్యము

వ్యాజ్యమునకు క్రొత్త సాక్షి దొరకినది 18వ శతాబ్దపు తుదిభాగమున. ఆ సాక్షి త్రాసు. ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు లవోయిజియరు మూసిన పాత్రలలో వస్తువులను కాల్చి, కాలుటకు ముందును తరువాతను తూచి, మొత్తము బరువు మారదని నిరూపించెను. 1789వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథములో అతడు మూలద్రవ్యమునకు ఒక వినయముగల లక్షణము చెప్పెను. ఏ వస్తువును మన సాధనములతో ఇంకను విడదీయలేకపోతిమో, దానిని ప్రస్తుతమునకు మూలద్రవ్యమని యెంచవలెను. 'ప్రస్తుతమునకు' అను నీ మాటలోనే గొప్ప మార్పు కలదు. రేపు ఎవరైన విడదీసినచో పట్టికను దిద్దుకొనవచ్చును. అతని పట్టికలోని 33 పేర్లలో వెలుగును వేడియు చేరియుండెను. తరువాతివారు వాటిని తొలగించిరి. అందువలన అతని కీర్తికి లోపము రాలేదు.

తరువాత ప్రౌస్టు అను మరియొక ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, ఒక సమ్మేళనములో మూలద్రవ్యముల బరువులు ఎల్లప్పుడు ఒకే నిష్పత్తిలో నుండునని చూపెను. గోదావరినీరైనను, వాననీరైనను, ప్రయోగశాలలో చేసిన నీరైనను శుద్ధిచేసి విడదీసినచో 1 పాలు ఉదజనికి 8 పాళ్లు ఆమ్లజని వచ్చును. ఏడున్నరయు కాదు, తొమ్మిదియు కాదు. ఏల?

ఈ 'ఏల' అను ప్రశ్నకు జవాబు చెప్పినవాడు ఇంగ్లండుదేశీయుడగు జాన్ డాల్టను. అతడు 1766వ సంవత్సరమున కంబర్లండు సీమలోని ఈగిల్సుఫీల్డు గ్రామమున ఒక నేతపనివాని యింట జన్మించెను. పండ్రెండవయేటనే గ్రామములోని బడిలో పాఠములు చెప్పసాగెను. అతని కుటుంబము క్వేకరుమతమునకు చెందినదగుటచే ఆక్సుఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయముల తలుపులు ఆ కాలమున అతనికి మూయబడియుండెను. పిల్లలకు పాఠములు చెప్పి జీవించుచు, మాంచెస్టరు నగరమున స్వల్పపరికరములతో అతడు పరిశోధన సాగించెను. 1803లో తన నోటుపుస్తకమున పరమాణుభారముల తొలి పట్టికను వ్రాసికొని, 1808లో తన సిద్ధాంతమును గ్రంథరూపమున ప్రకటించెను.

అతని యుక్తిని ఒక ఉదాహరణముతో చెప్పెదము. బొగ్గు ఆమ్లజనితో కూడి రెండు వాయువులగును. మొదటిదానిలో 3 పాళ్లు బొగ్గునకు 4 పాళ్లు ఆమ్లజని. రెండవదానిలో అదే 3 పాళ్లు బొగ్గునకు 8 పాళ్లు. నాలుగునకు ఎనిమిది సరిగా రెట్టింపు. అయిదున్నరయో ఆరుంబావో కాక, సరిగా రెట్టింపేల కావలెను? నూనెను కొలిచి పోయు అంగడిలో ఎవరెంత యడిగినను పోయవచ్చును. కొబ్బరికాయలను కాయలుగా అమ్ముచోట ఒకటియో రెండో మూడో తీసికొనవలెనే గాని ఒకటింబావు దొరకదు. లెక్క సరిగా ఒకటి, రెండు అని నడచుచున్నది గావున సరకు నూనెవంటిది కాదు, కాయలవంటిదని తెలియుచున్నది. మొదటి వాయువులో ఒక బొగ్గుపరమాణువునకు ఒక ఆమ్లజనిపరమాణువు, రెండవదానిలో రెండు.

కణాదుని వాదమునకును డాల్టను వాదమునకును గల భేదము ఇక్కడ స్పష్టమగుచున్నది. పరమాణువు కలదని చెప్పుట యొకటి. అది యున్నయెడల త్రాసులో ఏ లెక్క రావలెనో చెప్పి, ఆ లెక్క రానియెడల ఓటమికి సిద్ధపడుట మరియొకటి.

తప్పు దిద్దబడిన తీరు

డాల్టను చెప్పినదంతయు నిజము కాదు. నీటిలో ఒక ఉదజని పరమాణువునకు ఒకటే ఆమ్లజని పరమాణువు ఉండునని అతడు ఊహించెను. రెండు వస్తువులనుండి మనకు ఒక్క సమ్మేళనమే తెలిసియున్నచో అది ఒకటికొకటి కూడినదే యగునని అతని నియమము. దానికి సాక్ష్యము లేదు. సౌలభ్యము మాత్రమే కలదు. ఆ కారణముచేతను, నాటి తూకముల మోటుతనముచేతను 1808 నాటి గ్రంథములో ఆమ్లజనిభారము 7 అని పడెను. నేడు అది ఇంచుమించు 16 అని యెరుగుదుము.

ఆ 1808 చివరనే గేలుసాకు అను ఫ్రెంచివాడు వాయువులను తూచుటకు మారుగా వాటి ఘనపరిమాణములను కొలిచి, 2 పాళ్లు ఉదజనియు 1 పాలు ఆమ్లజనియు కూడి 2 పాళ్లు నీటియావిరి యగునని చూపెను. డాల్టను ఆ కొలతలను నమ్మలేదు. ఇటలీదేశీయుడగు అవగాడ్రో 1811లో చిక్కును విప్పెను. సమానమైన వేడిమియు ఒత్తిడియు గల సమానపరిమాణపు వాయువులలో కణముల సంఖ్య సమానమనియు, ఆమ్లజనియందలి యొక్కొక్క కణము రెండు పరమాణువుల జంట యనియు అతడు చెప్పెను. ఆ జంటను నేడు అణువనియు, దానిలోని యొక్కొక్కదానిని పరమాణువనియు వ్యవహరింతుము. ఒక అణువు రెండుగా విడి, రెండు నీటియణువులకు ఒక్కొక్క పరమాణువును ఇచ్చుచున్నది, లెక్క సరిపోయినది.

కాని ఆ మాటను ఇంచుమించు ఏబది సంవత్సరములవరకు ఎవరును సరిగా చెవిని పెట్టలేదు. అవగాడ్రో 1856లో మరణించెను. 1860 సెప్టెంబరు నెలలో జర్మనీలోని కార్లుస్రూహె నగరమున అనేకదేశముల రసాయనశాస్త్రజ్ఞులు నూరుమందికి పైగా సమావేశమైరి. అవగాడ్రో దేశీయుడే యగు కానిజారో ఆ సభలో అతని పక్షమున వాదించెను. సభ తీర్మానమేదియు చేయకయే ముగిసినది. కాని కానిజారో రచించిన చిన్న కరపత్రము సభ్యులకు పంచిపెట్టబడెను. ఇండ్లకు పోయి దానిని చదివిన పిమ్మట అనేకుల సంశయములు తొలగెను. ఆ సభకు వచ్చిన రష్యాదేశీయుడు మెండలీవు 1869లో మూలద్రవ్యములను పరమాణుభారముల వరుసను అమర్చి తన ప్రసిద్ధమైన పట్టికను ప్రకటించెను. ఒక చిన్న పత్రము సభాతీర్మానముకంటె ఎక్కువ పని చేయుట గమనింపదగినది.

సంశయించినవారి సంగతి

ఇంతవరకును పరమాణువును ఎవరును చూడలేదు. 19వ శతాబ్దము ముగియునప్పటికిని జర్మను పండితుడు ఆస్ట్వాల్డు, ఆస్ట్రియాదేశపు పండితుడు మాకు మొదలగువారు 'పరమాణువు లెక్కకు అనుకూలమగు కల్పన మాత్రమే' అని వాదించుచుండిరి. వారు మూర్ఖులు కారు. ఋజువు చాలలేదని యనిరి. ఆ కోరిక న్యాయమైనదే.

1827లో బ్రౌను అను వృక్షశాస్త్రజ్ఞుడు పుప్పొడిలోని సూక్ష్మకణములు నీటిలో ఎడతెగక కదలుచుండుట సూక్ష్మదర్శినిలో చూచెను. జీవముండుటచే కదలుచున్నవేమోయని, రాతిపొడిని వేసి చూచెను, అదియు కదలెను. 1905లో ఐన్‌స్టైను, నీటియణువుల తాకిడిచేతనే యీ చలనము కలుగునని గణితము వేసి, కణము ఎంతకాలములో ఎంతదూరము జరుగవలెనో చెప్పెను. 1908 మొదలు ఫ్రాన్సుదేశపు పెర్రిను ఒక చెట్టుబంకనుండి తీసిన రంగుకణములను నీటిలో కలిపి, సూక్ష్మదర్శినిలో లెక్కించి, గణితము సరియని చూపెను. ఒకదానితో ఒకటి సంబంధము లేని అనేకమార్గములు అణువుల సంఖ్యను గూర్చి ఇంచుమించు ఒకటే జవాబు నిచ్చెను. ఒకరి నొకరు ఎరుగని సాక్షులు ఒకే మాట చెప్పినప్పుడు న్యాయాధిపతి యేమి చేయునో ఆస్ట్వాల్డు అదియే చేసెను. 1909లో పరమాణువులు కలవని బహిరంగముగా ఒప్పుకొనెను. పండితుడు వాదములో గెలుచుట సామాన్యము. ఋజువు చూచి తన మాటను మార్చుకొనుట అపురూపము.

ఆ సంఖ్య యెంతటిదో వినుడు. 18 గ్రాముల నీటిలో, అనగా ఒక గరిటెడు నీటిలో, ఇంచుమించు 602 అను అంకెల ప్రక్క 21 సున్నలు చేర్చినన్ని అణువులు కలవు. భూమిమీది 800 కోట్లమందియు క్షణమునకు ఒక్కటి చొప్పున రేయింబగళ్లు లెక్కించినను ముగియుటకు సుమారు 24 లక్షల సంవత్సరములు పట్టును. ఎండచారలోని ధూళిరేణువులో ఆరు పరమాణువులు గాక లక్షలకోట్ల పరమాణువులు ఉండును. పూర్వులను గౌరవించువారు ఈ మాటను దాచనక్కరలేదు. వారు ప్రశ్నను సరిగా అడిగిరి, సంఖ్యను ఎరుగరైరి.

అటుతరువాత పరమాణువునకు 'ఛేదింపరానిది' అను పేరే చెల్లకపోయినది. 1897లో థామ్సను దానికంటె చిన్నదగు ఎలక్ట్రానును కనుగొనెను. 1911లో రూథర్‌ఫర్డు పరమాణువునడుమ బరువైన కేంద్రకము కలదని చూపెను. ఒకే మూలద్రవ్యపు పరమాణువులలో బరువుభేదములు ఉండునని 1913లో సాడీ స్పష్టపరచెను. 1955లో మ్యూలరు తన యంత్రముతో లోహపుసూదిమొనయందలి పరమాణువులను విడివిడిగా చూపెను. డాల్టను మాటలలో కొన్ని పోయినవి. అతని లెక్క నిలిచినది. 3 పాళ్లు బొగ్గునకు 4 పాళ్లు, 8 పాళ్లు ఆమ్లజని యను సంగతిని నేటి విద్యార్థియు తూచి చూచుకొనవచ్చును.

మన దేశమున ఏల ఆగినది?

ఇక మిక్కిలి ముఖ్యమగు ప్రశ్న. ఇంత తీక్ష్ణముగా తర్కించినవారి దేశమున ఈ విచారణ త్రాసువరకు రానిదేల? ఆచార్య ప్రఫుల్లచంద్రరాయి 1902, 1909 సంవత్సరములలో రెండు సంపుటములుగా ప్రకటించిన హిందూరసాయనశాస్త్రచరిత్రలో దీనికి ఒక కారణమును నిర్మొగమాటముగా చెప్పెను. కులకట్టుబాటులు బిగిసికొని, చేతిపనులు తక్కువజాతులవని యెంచబడినప్పుడు, ఆలోచించువారు పనిని విడిచిరి. పనిచేయువారికి చదువు అందలేదు. 'ఎట్లు, ఏల' యను ప్రశ్నలు నశించినవని అతని యభిప్రాయము.

దీనికి మన తెలుగునేలయందే ఒక ఉదాహరణము కలదు. నేటి తెలంగాణములోని నిజామాబాదు ప్రాంతమున కోనసముద్రమను గ్రామమున కమ్మరులు మూసలలో ఇనుమును కరగించి మేలైన ఉక్కు చేయుచుండిరి. దానికొరకు పారసీకదేశమునుండి వర్తకులు వచ్చుచుండిరి. ఇనుము ఉక్కగుటకు దానిలో కొలదిగా బొగ్గు చేరవలెనను మర్మము వారి చేతులకు తెలియును. డాల్టను తూచినదియు ఆ బొగ్గునే. ఇనుమును బొగ్గును కలిపి తూచు కమ్మరికి పరమాణువును గూర్చిన గ్రంథము చదువు నధికారము లేకపోయినది. ఆ గ్రంథమును వల్లించిన పండితునికి కొలిమియొద్ద కూర్చుండుట తగని పనియైనది. ఇరువురి విద్యయు కలిసియున్నయెడల ఏమై యుండెడిదో ఎవరును చెప్పజాలరు. విడదీయుటవలన నష్టమైనదని మాత్రము చెప్పవచ్చును. ఇంగ్లండున నేతవాని కుమారుడు గ్రామములో అక్షరములు నేర్చుటచేతనే డాల్టను పుట్టెను.

కావున చదువరులారా, కణాదుని పేరు చెప్పి గర్వించు హక్కు మనకు కావలెనన్నచో, కమ్మరి బిడ్డకును, నేతవాని బిడ్డకును, మన యాడుబిడ్డలకును పుస్తకమును త్రాసును కలిపి యియ్యవలెను. అది మన యింటనే యారంభింపవచ్చును. ఒక గిన్నెలోని నీటిని, ఒక కాగితముమీది ఉప్పును వేరువేరుగా తూచి, బరువులను పిల్లలచేత వ్రాయింపుడు. ఉప్పును నీటిలో కలిపి, అది పూర్తిగా కానరాకుండ కరగిన పిమ్మట మరల తూపింపుడు. ఉప్పు పోయినదా, ఉన్నదా యని అడుగుడు. మీరు జవాబు చెప్పకుడు. త్రాసును చూచి వారినే చెప్పనిండు.